దయ్యం తెర మీద, కథ పుటల్లో: సినిమా సమీక్షపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొత్త సినిమాల సమీక్షల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రెండు రకాల సినిమాల చుట్టూనే తిరిగాయి. ఒకటి దయ్యాల సినిమా, రెండోది నవల నుంచో కథ నుంచో తీసిన సినిమా. సమీక్షకుడికీ పాఠకుడికీ పేచీ వచ్చేది ఈ రెండింటి దగ్గరే అన్నది నా అనుభవం కూడా. మొదటిదానిలో ‘నాకు వేసిన భయం నీకెందుకు వేయలేదు?’ అన్నది తగవు, రెండోదానిలో ‘నేను చదివిన పుస్తకం ఇది కాదు’ అన్నది ఫిర్యాదు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, చోటు ఉన్నంతవరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఈమధ్య ఒక హారర్ చిత్రం గురించి మీరు ‘భయపెట్టలేకపోయింది’ అని రాశారు. ఆ సినిమా చూసి వచ్చాక నేనూ నా స్నేహితులూ హాస్టలు గదిలో రెండు రాత్రులు లైటు ఆర్పకుండా పడుకున్నాం. అసలు ఎవరి భయాన్ని కొలతగా తీసుకోవాలి? — ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ‘భయపెట్టలేకపోయింది’ అన్నది బద్ధకంగా రాసిన వాక్యం. ఇరవై ఏళ్లకు పైగా వారానికి రెండు మూడు సినిమాలు చూస్తూ వస్తున్నవాడి భయం, రోజూ మిరపకాయ బజ్జీలు వేసేవాడి నాలుక లాంటిది. కారం తెలియలేదని ఆ నాలుక చెబితే, తినేవాడు దానిని నమ్మవలసిన పని లేదు. కాబట్టి నా భయమూ కొలత కాదు, మన్నించాలి, మీ భయమూ కొలత కాదు. భయాన్ని ఆ సినిమా ఏ సరుకుతో, ఎంత ఓపికగా కట్టిందో చూసి చెప్పడం సమీక్షకుడి పని.

ఉలికిపాటు వేరు, భయం వేరు. హాలులో శబ్దమంతా తగ్గించి, పాత్రను అద్దం ముందు నిలబెట్టి, రెండు క్షణాలు ఆగి, ఒక్కసారిగా వాద్యాలన్నీ మోగించి అద్దంలో ఒక ముఖం చూపిస్తే ఎంతటివాడైనా కుర్చీలో ఎగిరి పడతాడు. వంటింట్లో ప్రెషర్ కుక్కరు కూత వేసినా అలాగే ఎగిరి పడతాం. అది ఒంటి స్వభావం, అందులో దర్శకుడి గొప్ప ఏమీ లేదు. ఇలాంటి ఉలికిపాట్లు ఒక సినిమాలో పది ఉన్నాయో పదిహేను ఉన్నాయో లెక్కపెట్టి చెప్పడం సమీక్ష అనిపించుకోదు. హాలు దాటి వచ్చాక, మీరు రాసినట్టు హాస్టలు గదిదాకా మీ వెంట వచ్చింది ఏమిటన్నదే అసలు ప్రశ్న. అది ముఖమా, శబ్దమా, లేక ఆ ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు ప్రవర్తించిన తీరా?

2022 నవంబరులో వచ్చిన ‘మసూద’నే తీసుకోండి. కూతురుతో ఒంటరిగా బతుకుతున్న ఒక తల్లి, పొరుగింట్లో ఉండే బెదురుగొడ్డు లాంటి ఒక కుర్రాడు, మనందరం ఎరిగిన మధ్యతరగతి ఫ్లాటు. ఆ పిల్ల తీరు మారుతున్నప్పుడు తల్లి పడే మొదటి భయం దయ్యం గురించి కాదు, పిల్ల ఏమైపోతుందోనని. దయ్యం ఆ తరువాత వచ్చి ఆ భయం మీద ఎక్కి కూర్చుంటుంది. పైగా పొరుగింటి కుర్రాడు వీరుడు కాడు, చీకట్లోకి వెళ్లమంటే మనలాగే అతని కాళ్లూ వెనక్కి లాగుతాయి. ధైర్యవంతుడు దయ్యాన్ని ఎదుర్కొంటే చప్పట్లు కొడతాం, పిరికివాడు వెళితే ఊపిరి బిగబడతాం. ఆ సినిమాలో ఉత్తరార్ధం కొంత సాగిందని నేను అప్పుడు రాశాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ పూర్వార్ధంలో ఇంటి భయాన్ని పునాదిగా వేసుకున్న పద్ధతి మాత్రం చెక్కుచెదరనిది.

2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘విరూపాక్ష’ది ఇంకో దారి. 1979లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఒక జంటను ఊరే కాల్చి చంపుతుంది, పన్నెండేళ్ల తరువాత అదే ఊళ్లో చావులు మొదలవుతాయి, అష్టదిగ్బంధనం పేరుతో ఊరి పొలిమేర మూసేస్తారు. ఇక్కడ భయానికి మూలం దయ్యం కంటే ముందు ఊరి నేరం. తప్పు చేసిన ఊరికి తలుపు వేసి గడియ పెట్టడమే కథనంలోని బలం. ‘అరుంధతి’ (2009)లోనైతే భయం చాలా వరకు ఒక గొంతులో ఉంది. పశుపతి పాత్రకు డబ్బింగు చెప్పిన రవిశంకర్ గొంతు తీసేసి ఆ సన్నివేశాలు చూడండి, సగం సినిమా కూలిపోతుంది. ఆ గొంతు పలికిన ‘వదల బొమ్మాళీ’ని తరువాత వీధిలో పిల్లలు ఆటపాటల్లో అనుకరిస్తూ నవ్వుకున్నారు. భయపెట్టిన మాట అంత త్వరగా నవ్వులాటగా మారడం కూడా ఆ సినిమా ఎంత లోపలికి దిగిందో చెప్పే గుర్తే.

మీరు చూసిన చిత్రం గురించి నేను రాయవలసింది, అందులో భయమంతా శబ్దంలోనే ఉంది, మనుషుల్లో లేదు అని. అప్పుడు మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నాతో వాదించడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉండేది.

ప్రశ్న: చాలా సినిమాలు ఇప్పుడు నేరుగా ఓటీటీలోనే వస్తున్నాయి. ఇంట్లో టీవీలో చూసి హారర్ సినిమాను సమీక్షించడం న్యాయమేనా? — ఒక బ్యాంకు ఉద్యోగిని, తణుకు

జవాబు: నేరుగా ఓటీటీకి వచ్చిన సినిమాను ఇంట్లో చూసే సమీక్షించాలి, ఎందుకంటే పాఠకుడు చూసేది కూడా అలాగే. ‘మా ఊరి పొలిమేర’ మొదటి భాగం 2021లో ఓటీటీలో వచ్చింది, జనం చూసి ఒకరికొకరు చెప్పుకున్నాక రెండో భాగం 2023లో థియేటర్లకు వచ్చింది. మొదటి భాగాన్ని థియేటరు కొలతతో కొలిస్తే దానికి అన్యాయం చేసినట్టు.

అయితే సమీక్షకుడు ఏ స్థితిలో చూశాడో పాఠకుడికి చెప్పితీరాలి. థియేటరు అంటే అన్నీ సవ్యంగా ఉంటాయనుకోవద్దు. ఒకసారి నేను ఒక ఊళ్లో పాత సింగిల్ స్క్రీనులో మ్యాట్నీకి వెళ్లాను. ఆ సినిమా దర్శకుడు ముఖ్యమైన చోట నేపథ్య సంగీతం పూర్తిగా ఆపేసి, ఒక గదిలో నిశ్శబ్దాన్ని చాలాసేపు నిలిపాడు. ఆ నిశ్శబ్దంలో నాకు వినిపించినవి గోడకున్న పాత ఫ్యాను కీచుమంటున్న చప్పుడు, బయట పాప్‌కార్న్ యంత్రం పేలాలు చిటపటలాడించడం, వెనక వరుసలో ఎవరో ఫోనులో ‘ఆఁ, సినిమాలో ఉన్నాన్రా’ అనడం. ఆ సన్నివేశం తేలిపోయిందని రాయబోయి, మనసొప్పక మర్నాడు మంచి హాలులో సెకండ్ షోకు మళ్లీ వెళ్లాను. అదే సన్నివేశం అప్పుడు చూస్తే, ఆ సినిమా మొత్తంలో అంతకంటే మంచి చోటు లేదనిపించింది. హారర్‌లో నిశ్శబ్దం కూడా సంగీతం లాంటిదే. అది వినబడని చోట కూర్చుని తీర్పు ఇవ్వకూడదు.

ప్రశ్న: మా పదకొండేళ్ల అబ్బాయి దయ్యాల సినిమాకు తీసుకెళ్లమని గొడవ చేస్తున్నాడు. పిల్లలు చూడవచ్చో లేదో సమీక్షల్లో ఎందుకు రాయరు? — ఒక తల్లి, గుంటూరు

జవాబు: రాయాలి, రాయకపోవడం మా లోపమే. 2024 నాటి కొత్త నిబంధనల ప్రకారం యూఏ సర్టిఫికెట్ 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు పైబడినవారికి అని మూడు మెట్లుగా ఇస్తున్నారు. ఇవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచన మాత్రమే, పిల్లవాడిని తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ‘ఏ’ సర్టిఫికెట్ ఉంటే మాత్రం 18 ఏళ్లలోపు వారికి ప్రవేశమే లేదు. మీ అబ్బాయి విషయంలో 13, 16 అన్న అంకెలు కనిపిస్తే ముందు మీరొకసారి చూసి రండి. రక్తం కంటే, తల్లికో తండ్రికో దయ్యం పట్టినట్టు చూపించే సన్నివేశాలే ఆ వయసు పిల్లలను ఎక్కువగా పట్టి పీడిస్తాయి.

ప్రశ్న: ‘తులసిదళం’ చదివి వణికిపోయిన తరం మాది. అంత భయం తెలుగు తెర మీద ఎందుకు కనిపించదు? నవలలోని భయాన్ని సినిమా తేలేదా? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివాక ఆ నవలను మళ్లీ తీసి చూశాను. యండమూరి వీరేంద్రనాథ్ దానిని ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా రాశారన్న సంగతిలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఒక పసిపిల్ల మీద చేతబడి జరిగిందన్న చోట ఆ వారం భాగం ఆగిపోతే, పాఠకుడు మళ్లీ పత్రిక వచ్చేదాకా ఆ పిల్లను మనసులో మోస్తూ తిరిగేవాడు. ఆఫీసులో, బస్సులో, రాత్రి పెరట్లోకి వెళ్లేటప్పుడు రచయిత రాయని భాగాన్ని అతనే రాసుకునేవాడు. వారంలో ఒక గంట చదువు, మిగిలిన రోజులన్నీ భయం. ఈ లెక్క సినిమాకు కుదరదు. రెండున్నర గంటల్లో దానికి దొరికేది పదిహేను నిమిషాల ఇంటర్వెల్ ఒక్కటే, అది కూడా సమోసాల కోసం లైనులో నిలబడటంలో గడిచిపోతుంది.

మిగిలిన సగం నవల నడకలో ఉంది. అందులో ఒకవైపు వైద్యం, మనస్తత్వ శాస్త్రం, ఇంకోవైపు మంత్రం, ఈ రెండు దారులూ చివరిదాకా పక్కపక్కనే సాగుతాయి. ఏది నిజమో తేల్చుకోలేని ఆ ఊగిసలాటే చదువరిని పట్టి ఉంచుతుంది. పుటల మీద క్షుద్రశక్తి ఒక మాట మాత్రమే, దాని రూపం ఎవరి తలలో వారికి వేరుగా ఉంటుంది. కెమెరా ముందుకు రాగానే ఎవరో ఒకరు దానికి వేషం వేయాలి, రంగు పూయాలి. వేషం కనబడిన మరుక్షణమే మంత్రం గెలిచిపోతుంది, వైద్యం దారి మూసుకుపోతుంది, ఊగిసలాటకు ఇక చోటుండదు. ‘తులసిదళం’ కన్నడంలో సినిమాగా వచ్చింది. దాని తరువాయి నవల ‘తులసి’ ఆధారంగా తెలుగులో 1986లో ‘కాష్మోరా’ తీశారు. నవల పేరు చెబితే ఒళ్లు జలదరించేవారు ఇప్పటికీ కనిపిస్తారు, సినిమా పేరు చెబితే మాత్రం ‘అవునా, వచ్చిందా?’ అంటారు.

అంటే ఇది సినిమాకు చేతకాని పని అని నేను అనడం లేదు. ఆ ఊగిసలాటను సినిమా తన పద్ధతిలో వేరేగా కట్టుకోవాలి. చూపించడం తగ్గించి, చూసేవారి ముఖాలను చూపించడం అందులో ఒక పద్ధతి. వారపత్రిక ఇచ్చిన విరామం ఇప్పుడు వారం వారం వచ్చే వెబ్ సిరీస్‌కు దొరుకుతుంది. అయినా భాగాలన్నీ ఒకే రాత్రి విడుదల చేసి, తెల్లవారేసరికి చూడడం ముగించేలా చేయడం ఎందుకో నాకు అంతుపట్టదు. చేతికి వచ్చిన విరామాన్ని చేజేతులా పారేసుకుంటున్నారు.

ప్రశ్న: ‘కొండపొలం’ నవల మా సీమ బతుకు. సినిమాలో ప్రేమకథ పెట్టి పాడు చేశారని నా బాధ. మూలానికి కట్టుబడని సినిమాను సమీక్షకులు ఎందుకు నిలదీయరు? — ఒక రైతు, కడప జిల్లా

జవాబు: అయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ నిలదీయవలసిన చోటు మీరు చూపిన చోటు కాదని మనవి చేస్తున్నాను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవలలో అసలు కథానాయకులు గొర్రెలు, కరువు, నల్లమల. ఊళ్లో మేత, నీళ్లు లేక మందలను తోలుకుని అడవికెక్కడాన్నే మీవైపు కొండపొలం పోవడం అంటారని ఆ పుస్తకం చదివాకే నాలాంటి కోస్తావాడికి తెలిసింది. ఏ వాగులో చెలమ తీస్తే నీరు పడుతుంది, మందలో ఏ గొర్రె కుంటుతోంది, పులి వాసన పసిగట్టిన మంద ఎలా ముద్దగా ఒదుగుతుంది, ఇవే ఆ నవలలోని మలుపులు. 2021 అక్టోబరులో క్రిష్ దర్శకత్వంలో వచ్చిన సినిమా దానికి సివిల్ సర్వీసు ఇంటర్వ్యూ చట్రం కట్టి, నవలలో లేని ఓబులమ్మను మంద వెంట నడిపించింది.

ఒక పాత్రను చేర్చడం నేరం కాదు. ఆ పాత్ర వచ్చాక దేనికి చోటు తగ్గిందన్నదే నేను చూసేది. ఓబులమ్మ గొర్రెల గురించి, అడవి గురించి మాట్లాడినంతసేపూ ఆమె ఆ సినిమాలో మనిషిగానే ఉంది, ఎందుకంటే మందకు ఆమె కూడా ఒక కాపరి. పాట మొదలవగానే మాత్రం అడవి వెనుక వేలాడదీసిన తెర అయిపోతుంది, దాహం మరచిపోతాం, గొర్రెలు ఎక్కడ ఉన్నాయో కెమెరాకూ గుర్తుండదు. దాహం గురించిన కథలో ప్రేక్షకుడు దాహాన్ని మరచిపోవడమే అక్కడి లోపం. ప్రేమకథ ఉన్నా ఆ దాహం నిలిచి ఉంటే, నవల నుంచి ఎంత తప్పుకున్నా నేను చేతులెత్తి దణ్ణం పెట్టేవాడిని.

మూలానికి కట్టుబడటం ఒక్కటే గుణమైతే ‘మిథునం’ గురించి ఏమనాలి? శ్రీరమణ గారి ఒకే కథ నుంచి రెండు సినిమాలు వచ్చాయి. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దానిని మలయాళంలో తీసినప్పుడు ఆ ముసలి దంపతుల చుట్టూ పిల్లలను, ఇరుగుపొరుగును నింపాడు. 2012లో తనికెళ్ల భరణి తెలుగులో తీసినప్పుడు తెర మీద ఇద్దరినే ఉంచాడు, బాలసుబ్రహ్మణ్యాన్నీ లక్ష్మినీ. ఒకరు కథను విస్తరించారు, ఇంకొకరు పెరటి గోడ దాటనివ్వలేదు. తిండి మీద, పెరటి మీద, ఒకరిని ఒకరు సతాయించుకోవడం మీద ఆ దంపతులకున్న మమకారం రెండింటిలోనూ ఉంది, కాబట్టి రెండూ ఆ కథకు చెందినవే. మనవాడు తీసినదానిలో ఆ పెరట్లో గుమ్మడిపాదు పక్కన కూర్చున్నట్టుంటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. అది మాత్రం నా పక్షపాతం, తీర్పు అనుకోవద్దు.

ప్రశ్న: అనుసరణను సమీక్షించడానికి ముందు మూల గ్రంథం చదవడం తప్పనిసరా? — ఒక గ్రంథాలయ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: చదవాలి, కానీ సినిమాకు వెళ్లేముందు కాదు. నా పద్ధతి ఇది: ముందు సినిమా చూసి గుర్తులు రాసుకుంటాను, తరువాత పుస్తకం చదువుతాను, ఆ తరువాతే సమీక్ష రాస్తాను. పుస్తకం తలలో పెట్టుకుని హాలులో కూర్చుంటే, తెర మీద ఏముందో చూడటం మానేసి, ఏది లేదో వెతకడం మొదలవుతుంది. అసలు చదవకపోతే ఇంకో ప్రమాదం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక అనుసరణ చిత్రంలో ఒక సంభాషణను దర్శకుడి ప్రతిభగా ఆకాశానికెత్తి రాశాను. వారం తిరక్కుండానే ఒక పాఠకురాలి నుంచి పోస్టుకార్డు వచ్చింది: ‘ఆ వాక్యం నవలలో ఫలానా అధ్యాయంలో అక్షరం పొల్లుపోకుండా ఉంది, దయచేసి చదివి రాయండి’. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది.

పుస్తకం చదవకపోతే పాత సినిమానే మూలమని భ్రమపడే ప్రమాదమూ ఉంది. 2025లో గియెర్మో డెల్ టోరో తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చినప్పుడు, అందులో విక్టర్ అనే శాస్త్రవేత్త ప్రాణం పోసి పుట్టించిన జీవి గురించి ‘ఆ జీవి అంతలా మాట్లాడటమేమిటి, అది మూలుగుతూ నడిచేది కదా’ అని కొందరు మిత్రులు నాతో పేచీ పెట్టారు. వారి తలలో ఉన్నది 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమా. అందులో బోరిస్ కార్లాఫ్ వేసిన జీవికి మాటలు లేవు, మెడకు లోహపు బిరడాలు మాత్రం ఉన్నాయి. 1818లో మేరీ షెల్లీ రాసిన నవలలోనైతే ఆ జీవి ఆంగ్ల కవి మిల్టన్ కావ్యం చదివి, తనను పుట్టించినవాడితో న్యాయవాదిలా వాదిస్తుంది. నవల కూడా ఉత్తర ధ్రువ సముద్రంలో చిక్కుకున్న ఒక నావికుడి ఉత్తరాలతో మొదలై, వాటిలో విక్టర్ కథ, అందులో మళ్లీ ఆ జీవి చెప్పుకునే కథ, ఇలా పొర లోపల పొరగా ఉంటుంది. కొత్త సినిమా మంచులో ఇరుక్కున్న ఓడతోనే మొదలై, ముందు విక్టర్ వైపు నుంచి, తరువాత ఆ జీవి వైపు నుంచి కథ చెబుతుంది. నవలలోని ఎన్నో సంఘటనలను అది మార్చింది. అయినా ఆ జీవికి గొంతు తిరిగి ఇచ్చినందువల్ల, నవలకు దగ్గరగా ఉన్నట్టు నాకు తోచింది. ఆ గొంతు విన్నాక అది దయ్యాల సినిమాలా అనిపించదు, తండ్రి వదిలేసిన బిడ్డ కథలా ఉంటుంది. ఒక చోట దృశ్యాల ఆడంబరం మరీ ఎక్కువై, ఆ బిడ్డ దుఃఖాన్ని కప్పేసిందన్నది నా ఫిర్యాదు.

మనకూ ఇలాంటిదే ఉంది. 1953 నాటి ‘దేవదాసు’ను అక్కినేని, సావిత్రి ముఖాలతో తప్ప మనం ఊహించుకోలేం. శరత్ నవలను తరువాత చదివినవారికి పుస్తకమే అనుసరణలా కనిపిస్తుంది.

ప్రశ్న: డబ్బింగు హారర్ సినిమాలను మీరు చిన్నచూపు చూస్తారా? అనువాదంలో భయం పోతుందా? — ఒక తెలుగు గృహిణి, చెన్నై

జవాబు: చెన్నైలో ఉంటున్న మీకు ఈ ఉదాహరణ బాగా తెలిసే ఉంటుంది. 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’లో కథానాయిక తనను ఒక పాత కాలపు నర్తకి ఆవహించినప్పుడు తమిళంలో మాట్లాడుతుంది, ఎందుకంటే ఆ నర్తకి తంజావూరు మనిషి. ఇంటి కోడలు, ఇంటి భాష వదిలేసి, ఇంట్లో ఎవరికీ తన నోట వినే అలవాటు లేని భాషలో గద్దించడమే ఆ సన్నివేశంలోని గగుర్పాటు. 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా తీసినప్పుడు తమిళం ఇక పరాయి భాష కాదు కనుక ఆ నర్తకిని తెలుగు మనిషిని చేశారు. జ్యోతిక ‘రారా’ అని తెలుగులో పాడింది. అదే సినిమాను మన కోసం డబ్బింగు చేసినప్పుడు ఆ చోట తెలుగు ఉంచితే ప్రాణం పోయేది. అందుకే తెలుగులో ఆ పాట ‘వారాయ్’ అంటూ తమిళంలో వినిపించింది. పాట మారింది, భాష మారింది, ‘పరాయి’ అన్న గుణం మాత్రం మారలేదు. పెదవుల కదలికకు మాటలు అతికించడం ఎవరైనా చేస్తారు, భయం ఎక్కడుందో గుర్తించి దానిని కాపాడటం అనువాదం. అలాంటి డబ్బింగు దొరికితే నేను నేరుగా తీసిన సినిమాతో సమానంగానే రాస్తాను. ‘భ్రమయుగం’ (2024) లాంటి మలయాళ సినిమాలో నలుపు తెలుపులే సగం భాష కనుక డబ్బింగులోనూ చాలా భాగం చెక్కుచెదరకుండా మన దాకా వచ్చింది.

ప్రశ్న: ఒక నవలకూ ఒక సినిమాకూ పోలిక కనిపిస్తే, రచయిత పేరు వేయకపోతే, సమీక్షకుడు ‘కాపీ’ అని రాయవచ్చా? — ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: పోలికలు ఏవో రాయవచ్చు, ‘దొంగతనం’ అన్న మాట మాత్రం కోర్టుకు వదిలేయాలి. మీరు చదివే ఉంటారు, 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇతివృత్తం మీద ఎవరికీ హక్కు ఉండదని, దానిని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని చెప్పి, తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారన్న నాటక రచయిత వాదనను తోసిపుచ్చింది. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు వారసులది. శరత్‌ను ఇప్పుడు ఎవరైనా తీసుకోవచ్చు. 1979లో పోయిన చలం రచనలు తీసుకోవాలంటే 2039 పూర్తయ్యేదాకా అనుమతి కావాలి. ఆయన ‘దోషగుణం’ కథతో మోహనకృష్ణ ఇంద్రగంటి ‘గ్రహణం’ తీసినప్పుడు మూలం పేరు దాచలేదు. దాచనందువల్ల ఆ సినిమా గౌరవం తగ్గలేదు, జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

దాచి తీసిన సినిమా గొప్పదైన సందర్భమూ ఉంది, అదే చిక్కు. 1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’ పేర్లు మార్చి తీసిన డ్రాకులా కథ. ‘డ్రాకులా’ నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెక్కితే ప్రతులన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. కొన్ని ప్రతులు ఎలాగో మిగిలిపోబట్టి హారర్ సినిమాకు అది పెద్దబాలశిక్ష అయింది, 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ దానిని మళ్లీ తీశాడు. సమీక్షకుడిగా నేను ఆ మూకీని మెచ్చుకుంటాను. ఆ కాలంలో ఉండి ఉంటే, ఆ వితంతువు పక్షాన కూడా నాలుగు వాక్యాలు రాసేవాడిని.

ప్రశ్న: నాకు సమీక్షలు రాయాలని ఉంది. హాలులో చీకట్లో గుర్తులు ఎలా రాసుకుంటారు? హారర్ సినిమా ముగింపు చెప్పకుండా ఎలా రాయాలి? — ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు. ఇంటర్వెల్ దాకా జరిగిన కథ చెప్పవచ్చు, అది కూడా ట్రైలరులో ఉన్నంతే. ముగింపు నచ్చకపోతే ‘ముగింపులో చెప్పిన కారణం మొదట వేసిన భయానికి సరిపోలేదు’ అని రాయండి. ఆ కారణం ఏమిటో రాయనక్కరలేదు, చూసినవారికి అర్థమవుతుంది, చూడనివారికి నష్టం లేదు. దయ్యం ఎవరో చెప్పేసి, ‘క్షమించాలి’ అని పక్కన రాసే సమీక్షకులను మాత్రం అనుకరించవద్దు.

ఇక చీకటి సంగతి. ఫోను వెలిగించవద్దు, పక్కవాడికి అది దయ్యం కంటే ఎక్కువ చిరాకు. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం, పెన్ను కాకుండా పెన్సిలు తీసుకెళ్లండి. పెన్నులో సిరా అయిపోయిన సంగతి చీకట్లో తెలియదు, నాకు ఒకసారి పూర్వార్ధమంతా తెల్ల కాగితం మీద గీతలే మిగిలాయి. ఎడమ బొటనవేలిని వరుస మొదట్లో ఆనించి, వరుస రాశాక వేలు కిందికి జరపండి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడవు. వాక్యాలు రాయకండి, రెండు మూడు మాటలు చాలు: ‘గడప, నీళ్ల చెంబు, రెండుసార్లు’ అని. ఆ రాత్రే, నిద్రపోయే ముందు వాటిని విప్పి రాయండి. మర్నాటికి ఆ నీళ్ల చెంబు ఎవరిదో మీకే గుర్తుండదు.